ఏ గ్రేడు?

టంగుటూరులో డిసెంబరు చలంటే
భుజం మీది తువ్వాలు మెడకి చుట్టుకునేంత. అంతే.
మూతపడ్డ బ్యారన్ నీడలో
మూడు నిండు జాడీలు, ఒక ఖాళీ జాడీ
ముందేసుకుని కూచుంది ఎలీసమ్మ.
జాడీ నడుముకి సుద్దతో అంకెలు.
ఆకు గ్రేడు కట్టిన రోజుల అలవాటు, పోలేదు.

ఒకటి నల్లద్రాక్ష,
సంత చివర, ఈగలు ముసిరాక, తట్ట మొత్తం ఎనభై రూపాయలకి.
రెండు నేరేడు.
మూడోది నాగజెముడు పండు.
రైలుకట్ట పక్కన పట్టకారుతో కోసి
నూగుముళ్ళు నిప్పుల మీద కాల్చి పిండింది.
"ఈటిని ఎవురూ కలపరబ్బాయా.
కలపకూడదని పండ్లకి తెలీదుగా."

స్టీలు గ్లాసులో రంగు కనపడదని
హార్లిక్స్ సీసా కడిగి తెచ్చింది.

నేను వేలంలో గుమాస్తాని.
ఒకసారి కంపెనీవాళ్ళ విందులో, ఒంగోలు హోటల్లో,
టై కట్టినాయన రెడ్ వైన్ గ్లాసు తిప్పి తిప్పి
కళ్ళు మూసుకుని చెప్పాడు:
తోలు వాసన, తడిమట్టి, చివర్న కాస్త పొగాకు.
అందరం తలలూపాం.
ఆ సంగతి చెప్తే
పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది ఎలీసమ్మ.
"పొగాకా? ఏ గ్రేడు?"

నవ్వాగాక వేళ్ళు చూసుకుంది.
ముప్ఫై ఒక్కేళ్ళు.
పచ్చాకు జిగురు నల్లగా అట్టకట్టి
సున్నంతో రుద్దినా చింతపండుతో తోమినా వదిలేది కాదు.
ముద్ద కలిపితే ముద్ద చేదు.
పెళ్ళినాటి పప్పన్నం చేదు.
బిడ్డ నోట్లో గోరుముద్ద పెడితే ఉమ్మేసేవాడు.
"నా చేతి కూర బాగుంటదనేవోళ్ళు, గరిటెతో ఏసుకుని.
నాకేం తెలుసు?"
పని మానేసిన మూడు నెలలకి
ఒక సాయంత్రం ఉత్త మజ్జిగన్నంలో వేలు పెట్టి నాకితే
తీపి తగిలి,
భయపడి, పక్కింటామెని కేకేసిందంట.

ఇప్పుడు కలుపుతోంది.
ద్రాక్ష రెండు గరిటెలు. నేరేడు ఒకటి.
నాగజెముడు, దగ్గుమందు మూతతో నాలుగు.
సీసాని ఎండకి పట్టింది, ఆకు ఎత్తి ఈనె చూసినట్టే.
చీమకుర్తి రాయి తడిసినంత నలుపు,
నలుపు అంచున మందారం.

తాగాను.
మొదట ఏమీ లేదు.
తీపి వచ్చినట్టే వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.
నేరేడు వగరు నాలుకని మడతపెట్టింది,
బేలు కుట్టేవాడు గోనె అంచు మడిచినట్టు.
ఆ వగరు కింద నుంచి
వాన ఎరగని నేలలో పెరిగిందేదో
సన్నగా, పచ్చిగా, మొండిగా.
దానికి పేరు లేదు నా దగ్గర.
టై కట్టినాయన దగ్గరా ఉండదు.

"ఏదో తక్కువైంది," అన్నాను,
అనేశాక నాలిక్కరుచుకున్నాను.
ఆమె వాసన చూసింది. పుక్కిలించింది. మింగింది.
"నిజమే. ఉప్పు."
వైన్‌లో ఉప్పేంటని అడిగేలోపే
కనపర్తి రాళ్ళుప్పు, రెండే రెండు పలుకులు, పడిపోయాయి.

మళ్ళీ తాగాం, ఒకే సీసాలో, ఒకరి తర్వాత ఒకరం.
గూడూరు పాసింజరు దాటిపోయేదాకా
ఎవరం మాట్లాడలేదు.

ఖాళీ జాడీ మీద అంకె వేద్దామని సుద్ద తీసింది.
చెయ్యి గాల్లోనే ఉండిపోయింది కాసేపు.
"ఎవుడికమ్మాలి గనక," అని
సుద్దముక్క బొడ్లో దోపుకుని,
సీసాలో వేలు ముంచి
నాకింది.