కిరాణా చీటీ వెనక

బళ్ళారి బజార్లో మిషను చూసొచ్చిన రాత్రి
కిరాణా చీటీ వెనక లెక్క రాస్తాండా.

మిషను ముప్పై ఎనిమిది వేలు.
అచ్చులు వేరే. చదరానికొకటి, మూడుమూలల దానికొకటి,
ఒక్కోటి నాలుగు వేల పైమాట.
కింద పరిచే పలకలు అరుగుతాయి,
ఆర్నెల్లకోసారి మార్చాలన్నాడు షాపాయన,
ఆ మాట మాత్రం మెల్లగా అన్నాడు.

రాయదుర్గంలో పీలికలకు కరువు లేదు.
జీన్సు కుట్టే షెడ్ల వెనక నీలం గుట్టలు,
కిలోల లెక్కన తూకమేసి ఇస్తారు.
వాటితో మేం నలుగురం బొంతలు కుడతాం:
నేను, హొన్నూరమ్మ, తిప్పక్క,
దూదేకుల ఉసేనమ్మ.
బొంతకు నాలుగు రోజులు.
అందులో ఒకటిన్నర రోజు కత్తెరే తింటుంది.

షాపులో చక్రం తిప్పుతుంటే
చెరుకురసం బండి గుర్తొచ్చింది.
ఇటు గుడ్డ పోయింది,
అటు ఆరు చదరాలొచ్చినాయి,
అంచున ఒక్క పోగు లేవకుండా.
తిప్పక్క తెరిచిన నోరు మూయలేదు.
కానీ ఆయన పెట్టింది కొత్త గుడ్డ,
ఇస్త్రీ చేసిన గుడ్డ.

మేం సంచిలోంచి మాది తీసినాం.
ప్యాంటు కాలు ముక్క, వంకర, మందం.
జేబు మూల మడతలో రివెట్టొకటి దాక్కుంది,
మాకెవరికీ తెలియలేదు,
మిషనుకు తెలిసింది.
టక్కుమంది.
అచ్చు మూల ఒంగింది.
అంతకుముందు టీ చెప్పినాయన
మళ్ళా ఆ టీ ఊసెత్తలేదు.

కత్తెరయితే అక్కడ ఆగేది.
చిరుగును చుట్టి పోయేది, మరకను దాటి పోయేది,
వంకర పీలికలో వంకరకు తగ్గ ముక్క వెతికేది.
అచ్చుకు అదంతా పట్టదు.
దాని చదరం దానికి కావాల, మిగిలింది చెత్త.
కిలోకు పావుకిలో పోతుందని హొన్నూరమ్మ అంచనా.
హొన్నూరమ్మ అంచనాలెప్పుడూ పెద్దవే,
నూటయాభై గ్రాములని రాసుకున్నా.

ఇంకోపక్క కూడా రాయాల.
నేను కత్తిరించిన చదరాన్ని
మిషను చదరం మీద పెట్టి చూసినా.
ఆవగింజంత తేడా.
ఆవగింజే గదా అనుకుంటే
వరసకు పద్నాలుగు ముక్కలు.
చివరికొచ్చేసరికి వరస వేలెడు పెరిగి
బొంత నడుమ కప్ప పొట్ట మాదిరి ఉబ్బుతుంది.
దాన్ని తడిపి, లాగి, తిట్టి కుడతాం.
తిట్టినందుకు ఎవరూ కూలి ఇయ్యరు.

ఇప్పుడు నెలకు ఏడు.
మిషనుంటే పదకొండు కావొచ్చు.
పదకొండు కొనేదెవరు?
అనంతపురం లాడ్జీ ఆయన ఇరవై అడిగినాడు,
అన్నీ ఒకే కొలత, ఒకే వరస కావాలన్నాడు.
మూడు నెలలాయె, ఫోనెత్తడు.
గ్రూపులో అప్పు తీసుకుంటే
కంతు మాత్రం ఫోను చేయకుండానే వస్తుంది.

ఇంతవరకు రాసి,
వద్దు అని రాసి,
కింద గీత గీసినా.

తలుపు దగ్గర ఉసేనమ్మ.
నిద్ర పట్టలేదంట.
కుడి బొటనవేలికి ఆముదం గుడ్డ చుట్టుకొనొచ్చింది.
ముప్పై ఏండ్లు కత్తెర రింగులో తిరిగిన వేలు,
కణుపు దగ్గర రేగుపండంత వాపు.
పొద్దున టీ గ్లాసు జారి పగిలిందంట,
పిల్లి తోసిందని ఇంట్లో చెప్పిందంట.

చీటీ చదివి వినిపించినా.
పలకలు, పావుకిలో, కంతులు, అన్నీ.
కండ్లు మూసుకొని విన్నది.
"అన్నీ రాసినావు గానీ పాపా,
ఇది యాడ రాసినావు?"
గుడ్డ విప్పి వేలు నా ముందర పెట్టింది.
"షాపులో మీరు రివెట్టు కోసం పోట్లాడుకుంటాంటే
ఆ చక్రం నేను నాలుగుసార్లు తిప్పినా.
అరచేత్తోనే. నొప్పి ల్యా."

వద్దు మీద కొట్టివేత గీయలేదు.
చీటీ తిప్పితే చోటు లేదు,
శనగపప్పు, అగ్గిపెట్టె, బట్టల సోడా.
అంచున ఇరికించి రాసినా:
మూడుమూలలవి కత్తెరకే. పాత చీరలూ కత్తెరకే.
రివెట్లు ఏరడం తిప్పక్క పని.
చదరం అచ్చు ఒక్కటి చాలు.

పొద్దున ఎనిమిదికి బళ్ళారి బస్సు.
మేం ఒంచిన ఆ అచ్చునే
సగం ధరకు ఇస్తాడేమో అడగాల.
ఒక మూల రెండు పోగులు తెగవు,
అంతే గదా.
వాటికి కత్తెరుంది.