అరికాలి చప్పుడు

కొర్లగుంటలో మూడో సందు, మేడమీది ఇల్లు.
డ్రిల్లు సంచి భుజాన,
ముప్పై మీటర్ల వైరు చుట్ట మెడలో
దండ మాదిరి వేసుకొని మెట్లెక్కినాను.

చెంగల్రాయులు తలుపు తీసి
మొదట చూసింది నా మొహం కాదు, డ్రిల్లును.
"గోడకు బెజ్జం పడకూడదబ్బోడా.
కింద ఇల్లుగలామె
సున్నం ఆరకముందే మూడుసార్లొచ్చి చూసిపోయింది.
నేలమీద వైరూ వొద్దు.
మా ఆమె కాళ్లీడ్చి నడుస్తాది."

టీవీ ఈ గోడకు.
సబ్‌వూఫర్ అదిగో ఆ మూలకు,
ఆయన పడక్కుర్చీకి ఆనించి.
ఇరవై రెండేళ్లుగా నా బతుకు
ఆ రెండింటి మధ్యనే ఉండేది.
గాడి కొట్టి, పైపు దాచి, సిమెంటు మెత్తి
నేనొచ్చిపోయిన ఆనవాలు లేకుండా చేయడమే
నా పనితనం.
ఇప్పుడు ఆ లేకపోవడాన్ని
అగ్గిపెట్టెంత డబ్బాలో పెట్టి అమ్ముతాండారు.

ఒకటి ఆంప్లిఫయరు వెనక గుచ్చినాను,
రెండోది సబ్‌వూఫర్‌కు.
బస్టాండులో తప్పిపోయిన ఇద్దరు
ఒకర్నొకరు వెతుక్కున్నట్టు
నీలంగా మిణుకు మిణుకుమని
ఉన్నట్టుండి కుదురుకున్నాయి.

"వైరే ఉండదంటివి, మరి ఇదేంది?"
సుగుణమ్మ చీపురుకట్టతో
ప్లగ్గు తాడును పొడిచి చూపించింది.
"అది తిండి వైరమ్మా.
మాటైతే గాలిలో పోతాది.
తిండి పోదు."

ఏం పాట పెట్టమంటారంటే
పాటొద్దన్నాడు.
ఫోనులో ఒక వీడియో ఇచ్చినాడు,
రిటైరయ్యే ముందు నెల
మెకానిక్కు మునిశేఖరు పక్కన కూర్చొని తీసింది.
తెల్లారుజాము, ఘాట్ రోడ్డు,
అద్దం నిండా మంచు,
రెండో గేరులో మూలుగుతా ఎక్కే బస్సు.
ముప్పై ఒక్కేళ్లు డ్రైవరు.
కొండకు రోజూ నాలుగు ట్రిప్పులు,
దర్శనం మాత్రం ఏడాదికోసారి.

చెప్పులు విడిచి
రెండు పాదాలూ నేలకానించినాడు.
సబ్‌వూఫర్ గొంతు సవరించుకుంది.
గూట్లో స్టీలు గ్లాసులు గునిసినాయి,
కిటికీ రెక్క పళ్లు కొరికింది.
ఆయన కళ్లు మూసుకొని
కుడికాలు రవ్వంత ఎత్తి, దించి
"లేటు" అన్నాడు.

నాకేం తెలియలేదు.
"గేరు మారింది చెవికి ముందే తెలస్తాండాది.
కాలికి ఎనక వస్తాండాది.
వంకలో ఇట్లొచ్చిందంటే
లోయలో ఉంటాం నాయనా."

గాలిలో వచ్చేదానికి
ఆ మాత్రం ఆలస్యం ఉంటుంది,
సెకనులో యాభయ్యో వంతు.
పుస్తకంలో రాసుంటుంది, ఎవరూ చదవరు.
మాట ముందొస్తుంది, బరువు తర్వాతొస్తుంది.

పొద్దున మా ఇంటామె అనింది,
"ఆ నిచ్చెన అమ్మేయరాదా ఇంక."
నవ్వేసి వచ్చినాను.
దానిమీంచి పడి పుత్తూరు కట్టు కట్టించుకున్న చెయ్యి
మెడలో వైరు చుట్టను తడుముకుంటుంటే
ఇప్పుడు,
పొద్దు గుంకే వేళకు,
దిగింది ఆ మాట.

సెట్టింగుల్లోకి పోయినాను.
వెనకబడిన దాన్ని తొందరపెట్టే మీట లేదు.
ముందొచ్చిన స్పీకర్లనే
రవ్వంత ఆగమన్నాను.
రవ్వంత. ఇంకొంచెం.

మూడో వంకలో ఆయన పాదం
దానంతటదే కిందికి నొక్కింది.
కళ్లు తెరవలేదు.
సుగుణమ్మ చీపురు పట్టుకొని
అట్లే నిలబడిపోయింది,
బస్సులో సీటు దొరకనామె మాదిరి.

కూలెంతన్నాడు.
బెజ్జానికింత, మీటరుకింత,
ఆ లెక్క నిద్రలోనైనా చెప్తాను.
ఆగమన్నందుకు ఎంతో
నాకు తెలియలేదు.
ఆయనిచ్చింది ఎంచకుండా జేబులో పెట్టుకున్నాను.

దిగతాంటే కింద గుమ్మంలో ఇల్లుగలామె,
నడుముమీద చేతులు, కప్పువైపు చూపు.
"బెజ్జం కొట్టినావా?"
"లేదమ్మా."
"మరి ఆ సద్దేంది?"
"బస్సమ్మా," అన్నాను,
"కొండకు పోతాండాది."