చీటీ నంబరు నూట పన్నెండు

వల్పరైసోలో వారానికి ఆరు రాత్రులు
నేను నల్ల ఏప్రన్ కట్టుకుని నిలబడతాను.
కిటికీ పక్క బల్లకే గిరాకీ ఎక్కువ.
అక్కణ్నించి రేవు కనిపిస్తుంది, క్రేన్లు కనిపిస్తాయి,
మా కొండ మాత్రం కనిపించదు.
కనిపించకుండానే పెట్టారనుకుంటా ఆ కిటికీని.

శనివారం రాత్రి ఒకాయన చేపను వెనక్కి పంపాడు.
"చల్లారిపోయింది" అన్నాడు.
చల్లారింది చేప కాదు, ఎదురుగా కూర్చున్నావిడ.
గంట నుంచీ ఆ బల్లకి నీళ్లు పోస్తున్నవాణ్ని, నాకు తెలియదా?
వంటింట్లో నోల్బెర్తో
అదే చేపని అదే పెనం మీద ఒక్కసారి పొర్లించి
కొత్త కొత్తిమీర రెమ్మ గుచ్చి ఇచ్చాడు.
"ఇప్పుడు కదా చేప!" అన్నాడాయన.
తల వంచాను. తల వంచడం జీతంలో భాగం.

ఆదివారం నాకు సెలవు.
ఆ రోజు మా కొండ మీద, ఫుట్‌బాల్ క్లబ్బు రేకుల షెడ్డులో
కంప్లెతాద.
అంటే పెద్ద సంగతేం కాదు. ఒకరికి కష్టమొస్తే
కొండంతా కలిసి పొడుగు రొట్టెల్లో సాసేజీ పెట్టి,
మీద టమాటా, ఆ మీద అవకాడో గుజ్జు,
ఆ మీద నోరు పట్టనంత మయొనీజు వేసి అమ్ముతుంది.
చీటీలు ముందే ఇంటింటికీ వస్తాయి.
"కొంటావా?" అనరు. "ఎన్ని?" అంటారు.

ఈసారి కష్టం దోన్ ఎలెవుతేరియో మోకాలిది.
ముప్ఫై ఏళ్లు గ్యాస్ సిలిండర్లని మెట్లెక్కించిన మోకాలు.
మెట్లు తప్ప దారిలేని కొండ మాది,
మా ఇంట్లో ఉడికిన ప్రతి చిక్కుడు గింజా
ఆ మోకాలి మీదుగా ఉడికిందే.
ఆసుపత్రిలో వరస రెండేళ్లట.

నేను మూడు చీటీలు కొన్నాను.
ఒకటి తినగలను, రెండోదానికి ప్రయత్నిస్తాను,
మూడోది మలుపు దగ్గర పడుకునే కుంటికుక్కకి.
శనివారం చేప వెలకి పదకొండు చీటీలొస్తాయి.
అలా లెక్కలు కట్టకూడదంటుంది యాస్నా.
కడుతూనే ఉంటాను.

షెడ్డులో మైకు ఆవిడ చేతిలోనే ఉంది:
"నూట తొమ్మిది! ఎవరయ్యా, నిద్రపోయారా?"
ఒక ప్లాస్టిక్ కుర్చీకి మూడు కాళ్లే.
తెలిసినవాళ్లు దాన్ని కొత్తవాళ్ల వైపు జరుపుతారు.

లోపల టమాటాలు తరుగుతున్నదెవరా అని తొంగిచూస్తే
దోన్ ఎలెవుతేరియో!
నొప్పి కాలు బీరు పెట్టె మీద చాపి
ఒంటికాలి మీద, కొంగలా.
"కూర్చో పెద్దాయనా, ఇదంతా నీకోసమే కదా" అన్నాను.
"మా ఇంటికి భోజనానికొచ్చి
నన్ను కూర్చోమంటావేంట్రా?" అన్నాడు.
కత్తి ఆగలేదు.
నోల్బెర్తో చూస్తే ఆ పూటే పనిలో పెట్టుకునేంత సన్నటి చెక్కలు.

నూట పన్నెండు. నాదే.
కొరికాను.
సాసేజీ చల్లగా ఉంది. ఇది మాత్రం నిజంగానే చల్లగా ఉంది.
మయొనీజు మోచేతి దాకా కారుతుంటే
ఏమీ అనకుండా తిన్నాను.

పక్కబల్ల దగ్గర ఇస్మేనియా అత్త, ముక్కు మీద అవకాడో.
చెయ్యి ఊరుకోలేదు. కాగితం తువాలు మడిచి
ఎడమ ముంజేతి మీద వేసుకుని, వంగి అడిగేశాను:
"అంతా బాగుందా అమ్మా?"
కింది నుంచి పైదాకా చూసి
"ఉప్పు చాల్లేదు. ఇంకోటి పట్రా" అంది.
రెండో చీటీ అలా పోయింది.

సాయంత్రం యాస్నా డబ్బు రెండుసార్లు లెక్కపెట్టింది.
కావలసినదానికి నాలుగో వంతు తక్కువ.
షెడ్డులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
"మయొనీజు సగం డబ్బా మిగిలింది" అన్నాడు దోన్ ఎలెవుతేరియో,
కత్తి లాగుకి తుడుచుకుంటూ.
"వచ్చే ఆదివారానికి పాడవదు."

సోమవారం కిటికీ పక్క బల్ల తుడుస్తూ
అద్దానికి చెంప ఆనించి చూశాను.
మెడ విరిగేంతగా తిప్పితే
మా షెడ్డు రేకు, ఒక మూల, కనిపిస్తోంది.
చెంప మరక పడింది.
దాన్నీ తుడిచాను.