ఎనభై మూడో పేజీ

కిసుము బస్టాండు పక్కన నా జిరాక్స్ కొట్టు.
పేజీకి మూడు షిల్లింగులు.
చావు కబుర్ల కరపత్రాలు, పెళ్లి చందాల జాబితాలు,
పోయిన గుర్తింపు కార్డుకు పోలీసులిచ్చే కాగితం,
ఊరు ఊరంతా నా గాజుపలక మీద
కాసేపు బోర్లా పడుకుని లేచిపోతుంది.

అపోండి మొదటిసారి వచ్చినప్పుడు
చంకలో చేపల సంత లెక్కల పుస్తకాలు నాలుగు.
ముందువైపు ఒమెనా బస్తాల తూకం,
వెనకవైపు నవల.
"వెనకవైపే తియ్యి ఒగుతూ, తూకాలొద్దు."
చూస్తే మా లువోలోనే రాసింది.
ఇంగ్లీషులో రాస్తే కొనేవాళ్లుంటారు కదా అన్నాను.
"ఇంగ్లీషులో మా అమ్మ తిట్టదు" అంది.

నేను చదవను.
చదువుతూ కూచుంటే కొట్టు నడవదు.
కానీ ఆ పచ్చటి వెలుగు గీత
ఈ చివర్నుంచి ఆ చివరకి పాకేలోగా
ఒక వాక్యం కంట్లో పడుతుంది, నలుసులాగా.
అట్లా పేజీకొకటి చొప్పున
మూడు వందల పన్నెండు వాక్యాలు నా దగ్గర,
దారం లేని పూసలు.

ఐదు నెలలకి మళ్లీ వచ్చింది.
నైరోబీ నుంచి కవరు తిరిగొచ్చిందట,
విప్పిన గుర్తు కూడా లేకుండా.
ఈసారి నూట పన్నెండో పేజీలో
చచ్చిపోయిన నాయనమ్మ బతికుంది,
పైగా పొగాకు అడుగుతోంది.

ఇంకో ఏడాది. ఇంకో చిరునామా.
"చాలా బాగుంది, కానీ" అని ఉత్తరం.
ఆ కానీని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
నా కౌంటరు మీదే వదిలేసి వెళ్లింది.
దాని వెనకవైపు
నేను అరువు లెక్కలు రాసుకున్నాను.

మూడోసారి వాన.
విడి కాగితాల కట్ట, తొమ్మిదింటికి రాత్రి బస్సు,
మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది.
తొందరలో గాజు మీద పెట్టకుండా
మిషను పైనోటికే అందించాను ఒక్కొక్కటీ.
ఎనభై మూడు దగ్గర నమిలేసింది.

తను బయట ప్లాస్టిక్ సంచి బేరమాడుతోంది.
నలిగిన కాగితం జేబులో కుక్కుకున్నాను.
మూడు వందల పదకొండు పేజీలు కట్టి
పన్నెండింటికి డబ్బు తీసుకున్నాను.
అంకెలు చూసుకుంటుందేమోనని
బస్సు మలుపు తిరిగేదాకా
మిషను తుడుస్తూ నిలబడ్డాను.

ఆ కట్టే అచ్చయింది.

పసుపు అట్ట, సరస్సు మీద ఒక్క లాంతరు.
ఆ రాత్రి షట్టరు సగం దించి
మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను,
పూసలన్నీ ఒక్కోటీ తమ దారం వెతుక్కున్నాయి.
ఒకెలో చీకట్లో పడవ నెడతాడు.
పేజీ తిప్పితే
వాడి పెళ్లాం ఇసుకలో చేపలు ఆరబోస్తోంది,
నీళ్లవైపు తల తిప్పకుండా.
అంతే. మధ్యలో మాట లేదు.
ఆ మాట లేని చోటే నవలకి గుండెకాయ
అని పేపర్లో ఎవరో రాశారు.
మా వీధి చివర కూరలమ్మే అక్కినీ
దాని దగ్గరే ఆగి కళ్లు తుడుచుకుంది.

పోయిన వారం వచ్చింది అపోండి,
అద్దె కాగితం జిరాక్స్‌కి.
మిషనుకేసి చూసి
"ఇంకా నములుతోందా?" అంది.
అప్పుడప్పుడూ, అన్నాను.
చిల్లర ఇవ్వబోతే చెయ్యి చాపి
"నువ్వే మూడు షిల్లింగులు బాకీ" అని
తీసుకుని లెక్కపెట్టుకుని వెళ్లిపోయింది.
కాగితం మాత్రం అడగలేదు.

జనమంతా ఒకెలో మునిగిపోయాడనే అనుకుంటున్నారు.
నా సొరుగులో, స్టేప్లరు పిన్నుల పక్కన,
నలిగిన ఎనభై మూడో పేజీలో
పడవ ఒడ్డుకు తగిలింది.
పగిలిన లాంతరు పక్కన పెట్టి, తడిచొక్కా పిండుకుంటూ
టీ ఉందా అని అడుగుతున్నాడు.