ఖాళీ బుడగ

తారు డబ్బాలతో వచ్చినవాళ్లు
పర్లాకిమిడి బజారు వీధిలో
బోర్డుల మీద మా అక్షరాలన్నీ పూసేసి
ఆ ఊపులో
బెహరా మందుల కొట్టు ఒడియా బోర్డుని కూడా పూసేశారు.
ఆ రోజు నేను నవ్వాను. ఒప్పుకుంటాను.

మర్నాడు పాతపట్నం రోడ్డులో బస్సు తగలబడింది.
డ్రైవరు ఏ భాషలో అరిచాడో
ఇప్పటికీ రెండు రకాలుగా చెబుతారు.

మా పత్రిక నాలుగే పేజీలు. రెండు తెలుగు, రెండు ఒడియా.
కార్టూను ఒక్కటే, బొమ్మ నాది.
బుడగలో మాట ఇటు నేను రాస్తాను
అటు కాశీనాథ్ పాఢి రాస్తాడు.
ఇరవై రెండేళ్లుగా ఆయన నా జోకుని కొంచెం పాడు చేస్తూనే ఉన్నాడు,
నేను ఆయనకి టీ డబ్బులు ఎగ్గొడుతూనే ఉన్నాను.

కర్ఫ్యూ రాత్రి. కరెంటు లేదు.
కొవ్వొత్తి ముందు రాయి పట్టుకున్న మనిషిని గీస్తూ
ముక్కు దగ్గర ఆగిపోయాను.
ఇంత మొద్దు ముక్కు ఎవరిదంటారు?
లుంగీకి గళ్లు వేస్తే ఏ మగ్గానివంటారు?
మీసం చెరిపాను. మొలతాడు చెరిపాను.
చెప్పులు కూడా.
చివరికి రాయి మిగిలింది,
దాన్ని పట్టుకున్న నాలుగు వేళ్లు.
"ఒక వేలు తక్కువేటి?" అంది మా ఆవిడ.
కార్టూన్లలో అంతేనే, అన్నాను.

పాఢి బాబు పెరటి గోడ దూకి వచ్చాడు
అరవై ఎనిమిదేళ్ల మనిషి, మోకాలు గీరుకుపోయి.
బొమ్మని చాలాసేపు చూశాడు.
"ఏటి రాద్దాం, గవరయ్యా?" అన్నాడు నా భాషలో.
"కొణొ లెఖిబా?" అన్నాను ఆయన భాషలో.
మా ఆవిడ పసుపు తెచ్చి ఆయన మోకాలికి అద్దింది.
బుడగ ఖాళీగానే అచ్చుకి పోయింది.

శుక్రవారం రెండు గంటలు సడలించారు.
టీ కొట్టు గోడకి అంటించిన మా పేజీ.
బుడగలో ఎవరో పెన్నుతో రాసిపోయారు,
నా తల్లిని తిట్టిన తిట్టు, అచ్చ తెలుగులో,
ఒక్క అక్షరదోషం లేదు.
దాని కింద ఒడియాలో, పెన్సిలుతో:
టమాటా కిలో ఎంత?
ఇంకా కింద, వంకరగా, ఇంకో చెయ్యి:
ఎనభై. పుచ్చులు.

ఎదురుగా బెహరా
కిరసనాయిలు గుడ్డతో బోర్డు రుద్దుతున్నాడు.
తారు వదిలింది.
ఆయన పేరూ వదిలింది.
దాని అడుగు నుంచి, ఎప్పుడో ఖాళీ చేసిపోయిన
పాత అద్దెదారుడి తెలుగు పేరు
సగం బయటపడింది.
గుడ్డ ఆపి బెహరా అటూ ఇటూ చూశాడు.

నేను అప్పటికే ఖాళీ అయిన గ్లాసులో
టీ తాగుతున్నాను.