లారీ రాని వారం

చూళైలో నీళ్ల లారీ రాని ఆ వారం కూడా
వకుళమ్మ గారు బొమ్మ వేయడం మానలేదు.
చెంబు పట్టుకుని కాశిమేడు దాకా నడిచి
సముద్రం తెచ్చుకున్నారు.

పగలంతా ఉలి.
పల్లావరం నల్లరాయి రేకుల కప్పు కింద
పెచ్చులు పెచ్చులుగా రాలేది.
అందులో పడుకున్న దున్నపోతుకి
రెండేళ్లుగా ఒక చెవే ఉంది.
"రెండోది ఇంకా లోపలే ఉండి వింటోందిరా"
అనేవారు, నేను పొడి ఊడుస్తుంటే.

రాత్రి కాగితం.
మద్రాసు గాలిలో ఏదీ ఓ పట్టాన ఆరదు.
నీలం తనిష్టం వచ్చినట్టు పాకి
పడవల్ని మింగేస్తుంటే
కుంచె పైకెత్తి ఊరుకునేవారు.
రాయితో రోజంతా పోట్లాడే మనిషి
నీళ్లతో మాత్రం మాట పెంచుకోలేదు.

తెల్లారి చూస్తే నీలం మీద ఉప్పు,
ఎవరూ పెట్టని చుక్కలు.
"ఇవి నా పని కాదు" అని
సంతకం కూడా చెయ్యలేదు.

ఆవిడ పోయాక క్రేన్ తెచ్చి
దున్నపోతుని ఎవరో కొనుక్కెళ్లారు,
ఒంటి చెవితోనే.

కాగితం నా దగ్గరుంది.
కార్తీకం ముసురుకి గోడ చెమ్మెక్కితే
నాలుగు చుక్కలు కరిగి
ఒక పడవ
కాస్త పక్కకి జరుగుతుంది.