ఒకే మోడెమ్

బ్రెమర్‌హావెన్ రేవులో ఓడలకు సరుకులు పంపే ఆఫీసు మాది.
ఈమెయిల్ తెరిస్తే ఫ్యాక్స్ మూగబోతుంది.
ఫ్యాక్స్‌ని లేపితే ఈమెయిల్ అలుగుతుంది.
ఒకే కొళాయి కింద రెండు బిందెలు.

తడి కోటుతో వచ్చాడు డెట్లెఫ్.
ఒకదాన్ని తీసేశాడు, మళ్లీ ఎక్కించాడు,
పోర్టు నంబరు మార్చాడు.
నేను పెట్టిన కాఫీ రెండుసార్లు చల్లారింది.

ఈలోగా ఓడ నుంచి సగం పేజీ:
"రెండు వందల కిలోల"
అంతే.
మిగతాది మెయిల్ మింగేసింది.

ఉల్లిపాయలా? మేకులా?

వీబ్కే కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
మూలనున్న పాత మెషీన్ మీది గుడ్డ లాగింది,
తీగ గోడకి గుచ్చింది.
కీచుమంది అది.
వెచ్చటి కాగితం మీద
మొదటి మాట, బంగాళాదుంపలు.
రెండో మాట,
పోటు దిగకముందే.

వీబ్కే అప్పటికే వ్యాను తాళాలు వెతుకుతోంది.
డెట్లెఫ్ మాత్రం
"ఇంకొక్కసారి రీస్టార్ట్ చేద్దాం" అంటున్నాడు.